కోయడానికి జీతం లేని కొడుకులు, లెక్కకు రాని రంది

తల్లిదండ్రులను చూసుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కొంత కోసి, ఆ డబ్బును నేరుగా ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 అక్టోబరులో ప్రకటించారు. గ్రూప్-2 ఉద్యోగాలకు ఎంపికైన వాళ్లకు నియామక పత్రాలు ఇస్తున్న సభ అది. కొత్తగా కొలువులో చేరే పిల్లలకు చెప్పాల్సిన మాటే, తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ మాట విన్నప్పుడు మాకు తట్టిన ప్రశ్న వేరు. కోయడానికి కొడుక్కి జీతమే లేకపోతే? కూతురు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ కిందనో వాచ్‌మన్ గదిలో కాపురం ఉంటే? అలాంటి పిల్లల్ని కన్న అవ్వ, తాత ఏ చట్టం కిందికి వస్తారు?

సిద్దిపేట జిల్లా మాల, మాదిగ వాడల్లో ఎనభై ఏళ్లు దాటి బతుకుతున్న వాళ్ల గురించి, వాళ్ల మనసుకు పట్టిన జబ్బు గురించి ఇక్కడ మాట్లాడదలిచాం. డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు. పత్రికలు కుంగుబాటు అని రాస్తాయి. మన దగ్గర రంది అంటారు, ముదిరితే మనాది అంటారు. ఈ మాటల మధ్య తేడా ఉంది. రంది ఊరికే రాదు, దేని మీదనో పెట్టుకుంటారు. చచ్చిపోయిన కొడుకు రంది, పోయిన భూమి రంది, విడిచి వచ్చిన ఊరి రంది. డిప్రెషన్ అన్నప్పుడు ఆ 'దేని మీద' అన్నది మాయమై, మనిషి మెదడులో ఏదో తగ్గినట్టు మాత్రమే మిగులుతుంది. మందులు పనికిరావని మేం అనడం లేదు. పనికొస్తాయి, ఆ మందులు కూడా వాడ దాకా రావడం లేదు. కానీ 'దేని మీద' అని అడగని వైద్యం, అడగని సంక్షేమం మన ముసలివాళ్లకు సగమే అందుతాయి.

ముందు దేశం లెక్క చూద్దాం. భారతదేశంలో వృద్ధుల ఆరోగ్యం మీద అతి పెద్ద సర్వే 'లాసీ'. 2017-18లో చేశారు, నివేదిక 2021 జనవరిలో వచ్చింది. 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా అందులో ఉన్నారు. అరవై దాటిన వాళ్లలో తమకు డిప్రెషన్ ఉందని డాక్టర్ చెప్పాడన్న వాళ్లు 0.8 శాతం. అదే సర్వేలో వరసగా ప్రశ్నలు అడిగి లక్షణాలను బట్టి తేల్చినప్పుడు వచ్చిన లెక్క 8.3 శాతం. పదింతలు. అంటే పది మందిలో తొమ్మిది మందికి తమకున్నది జబ్బని చెప్పిన మనిషే లేడు. పల్లెల్లో ఇది 9 శాతం, పట్టణాల్లో 6 శాతం. ఈ తేడా చూపించి పల్లెలో డాక్టర్లు లేరు, పట్నంలో ఉన్నారు అని ముగించే వ్యాసాలు చాలానే వచ్చాయి. అది నిజమే, కానీ చాలా చిన్న నిజం. ఈ సర్వే రాష్ట్రం దాకా చెప్పగలదు, జిల్లా దాకా దిగదు, అలా దిగేలా దాన్ని తయారు చేయలేదు. వాడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలు వాడలో ఎనభై దాకా చేరేది ఎవరు? సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా కలిసి తొమ్మిది రాష్ట్రాల్లోని సుమారు రెండు కోట్ల మంది వివరాలతో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువని అది తేల్చింది. డబ్బు, చదువు తేడాలు తీసేసి చూసినా ఆ అంతరం పూర్తిగా పోలేదు. మన రాష్ట్రం ఆ తొమ్మిదిలో లేదు గానీ, ఇక్కడ వేరుగా ఉంటుందని అనుకోవడానికి కారణం కూడా లేదు. అంతకుముందు 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక మరో లెక్క చెప్పింది. చనిపోయిన వాళ్ల సగటు వయసు అగ్రకుల స్త్రీలలో 54.1 ఏళ్లయితే, దళిత స్త్రీలలో 39.5 ఏళ్లు.

కాబట్టి 'అతి వృద్ధులు' అనే గుంపే కులం జల్లెడ పట్టాక మిగిలింది. ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్లు, కాన్పుల్లో, టీబీతో, పురుగుమందు కొట్టే పనిలో పోయినవాళ్లు ఆ లెక్కలోకి రానే రారు. మిగిలినవాళ్లు గట్టి పిండాలు. ఆ గట్టి పిండాలతో మిగతా కులాల ముసలివాళ్లను పోల్చి 'పెద్ద తేడా ఏమీ లేదు' అంటే మోసపోయినట్టే. ఎనభై దాటిన వాళ్ల మీద ఏ సర్వే చదివినా ఈ జల్లెడను మరిచిపోకూడదు. అన్ని వయసుల వాళ్లను కలిపి చూసినప్పుడు తేడా కనబడుతూనే ఉంది. ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం దళితులు, ముస్లింలు తమ మానసిక స్థితి గురించి చెప్పుకున్నది అగ్రకుల హిందువుల కంటే అధ్వాన్నంగా ఉంది. ఆస్తి, చదువు, ఖర్చు అన్నీ సమానంగా ఉన్న కుటుంబాలను పక్కపక్కన పెట్టినా అంతే. పేదరికం పోతే రంది పోతుందన్న మాటకు ఇది జవాబు.

కొలత ఎట్లా కొలుస్తున్నది?

వృద్ధుల్లో కుంగుబాటును కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నావళి ఒకటి ఉంది. 1980లలో అమెరికాలో తయారైంది. పొట్టి రూపంలో 15 ప్రశ్నలు, అవును కాదు అని చెప్పాలి. ఐదు దాటితే అనుమానించాలి. మా పరిశోధనల్లో మేమూ దాన్ని వాడక తప్పదు. అందులో ఒక ప్రశ్న, చాలామంది మీకంటే మంచి స్థితిలో ఉన్నారని అనిపిస్తుందా అని. అగ్రకుల రిటైర్డు ఉద్యోగి దానికి 'అవును' అంటే అది లక్షణం కావచ్చు. ఆయనకు ఇల్లుంది, పెన్షన్ ఉంది, అయినా అలా అనిపిస్తున్నదంటే మనసులో ఏదో తేడా వచ్చిందని అర్థం. ఊరి చివర రెండు గుంటల జాగాలో రేకుల ఇంట్లో ఉన్న ముసలవ్వ 'అవును' అంటే? ఆమె లోకాన్ని చూసి ఉన్నమాట చెప్పింది. దానికి కూడా ఒక మార్కు పడుతుంది. బయట తిరగడం కంటే ఇంట్లో ఉండటమే ఇష్టమా అని ఇంకో ప్రశ్న. జీవితమంతా ఊళ్లోకి పోయినప్పుడల్లా ఏ అరుగు మీద కూర్చోకూడదో గుర్తుపెట్టుకుని నడిచిన మనిషికి వాడలోనే ఉండాలనిపించడం జబ్బా, జాగ్రత్తా?

ఇటు ఇలా ఉంటే, అటు అసలు జబ్బు జారిపోతుంది. మన ముసలివాళ్లు 'నాకు బాధగా ఉంది' అని చెప్పరు. 'పానం మంచిగ లేదు' అంటారు. కాళ్లు గుంజుతున్నాయి, తల దిమ్ముగా ఉంది, బువ్వ సయిస్తలేదు, నిద్ర పడతలేదు, లోపల బుగులు బుగులుగా ఉంది అంటారు. బాధను ఒంటి మీదికి తెచ్చి చెప్తారు. ఎందుకంటే ఒంటి నొప్పికే ఇంట్లో ఎవరైనా కాసిన్ని నీళ్లు కాచి ఇస్తారు, ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు. మనసు నొప్పికి ఎవరూ ఏమీ ఇవ్వరని వాళ్లకు తెలుసు. ఆ సూదులకూ గ్లూకోజు సీసాలకూ పోయే పైసలన్నీ లెక్కగడితే వాడల్లో డిప్రెషన్ మీద ఖర్చు తక్కువేమీ కాదని మా అనుమానం. వైద్యం మాత్రం జరగదు.

తమిళనాడులో వేలూరు దగ్గరి కణియంబాడి గ్రామాల్లో 65 దాటిన వెయ్యి మందితో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. 12.7 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. తక్కువ ఆదాయం, గుండె జబ్బు, షుగర్ లాంటి కారణాలతో పాటు ఆ పరిశోధకులు గుర్తించిన ఇంకో కారణం ఆకలి. అవును, ఆకలి. మనసు విప్పి చెప్పుకోవడానికి మనుషులు ఎక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు తక్కువగా ఉందని కూడా చెప్పారు. ఒక పూట బువ్వ, ఒక తోడు మనిషి. మానసిక వైద్యం గురించి ఇంతకంటే పనికొచ్చే వాక్యం మేం ఎక్కడా చదవలేదు.

పెద్దరికం కులాన్ని దాటదు

పెద్దలను గౌరవించడం మన సంస్కృతి అని ప్రతి అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవ సభల్లో వింటాం. ఏ పెద్దలను? సిద్దిపేట పల్లెల్లో ఎనభై ఏళ్ల అగ్రకులస్తుడు పటేల్, పెద్దాయన, ఇంకా కొన్నిచోట్ల దొర. అదే వయసు మాదిగ తాతను పదిహేనేళ్ల పటేల్ పిల్లాడు పేరు చివర 'గా' తగిలించి పిలుస్తాడు, 'రా' అంటాడు. ఇప్పుడు తగ్గిందంటారు. తగ్గింది, పోరాడితే తగ్గింది. కానీ ఎనభై ఏళ్లవాళ్లు ఆ పిలుపును డెబ్బై ఏళ్లు మోశారు. వయసు పెరిగితే మిగతావాళ్లకు వచ్చే పెద్దరికం వాళ్లకు రాలేదు. ముసలితనంలో మనిషిని నిలబెట్టే మర్యాద వాళ్ల వాటాకు దొరకలేదు.

ఇప్పుడు ఎనభై దాటిన ప్రతి మనిషీ ఇక్కడ నిజాం రాజ్యంలో పుట్టినవాళ్లే. సెప్టెంబరు 1948 నాటికి వాళ్లు పాకే పిల్లలో, ఇంకాస్త పెద్దవాళ్లో. వెట్టి చట్టంలో పోయినా ఊళ్లో పోవడానికి దశాబ్దాలు పట్టింది. చిన్నప్పుడే పటేల్ ఇంట పశువుల దగ్గర జీతం ఉన్నవాళ్లు, డప్పు కొట్టి చాటింపు వేసినవాళ్లు, బేగరి పని కింద ఊరందరి చావులకూ బొంద తవ్వినవాళ్లు, నాట్లకు కలుపులకు కైకిలి పోయి నడుము వంగిపోయిన ఆడవాళ్లు. వాళ్లకు రిటైర్మెంట్ అనే మాట లేదు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు కూడా 18 నిండాలన్నదే గానీ పై వయసు హద్దు పెట్టలేదు. అది హక్కు అని సంతోషించాలో, డెబ్బై ఐదేళ్ల మనిషి కూడా తట్ట మోస్తుందని రాజ్యం ముందే అనుకున్నందుకు సిగ్గుపడాలో తెలియదు.

అందుకే వాడలో ముసలితనం పుట్టినరోజుతో మొదలు కాదు. కైకిలికి పిలవడం మానేసిన రోజు మొదలవుతుంది. ట్రాక్టర్ తెల్లారి వాడలోకి వచ్చి మిగతావాళ్లను ఎక్కించుకుని, 'నువ్వుండు అవ్వా' అని పోతుంది చూడండి, ఆ రోజు. భూమి ఉన్న కుటుంబంలో ముసలాయన పని చేయలేకపోయినా పట్టాదారుగా మిగులుతాడు, రైతు పెట్టుబడి సాయం ఆయన ఖాతాలోనే పడుతుంది, కొడుకులు ఆయన్ని అడగాలి. భూమి లేని మనిషికి ఒంట్లో సత్తువే ఆస్తి. సత్తువ పోతే ఇంట్లో మాట పోతుంది. మిగిలేది పింఛన్. పింఛన్ వచ్చే అవ్వకు ఇంట్లో మాట కాస్త నిలబడుతుందన్నది వాడలో అందరికీ తెలిసిన సంగతే. మేం దీన్ని తక్కువ చేయడం లేదు. నెలకు 2,016 రూపాయలు కొందరికి మాత్రల కంటే ఎక్కువ పని చేశాయి.

మునిగిన ఊరు, లేచిన కాలనీ

పల్లె, పట్టణం అని రెండు గళ్లు గీసి ముసలివాళ్ల మనసును కొలిచే పద్ధతి సిద్దిపేట జిల్లాలో ఒకచోట పూర్తిగా చెడిపోతుంది. అది గజ్వేల్ శివారులో ముట్రాజ్‌పల్లి దగ్గర కట్టిన పునరావాస కాలనీ. 50 టీఎంసీల మల్లన్నసాగర్ కోసం తొగుట, కొండపాక మండలాల్లోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, సింగారం లాంటి ఊళ్లు నీళ్లకిందికి పోయాయి. రిజర్వాయర్‌ను 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. అక్కడివాళ్లు పల్లెవాళ్లా, పట్టణంవాళ్లా? ఒక్క ఏడాదిలో ఊరు పోయి పట్టణం అంచుకు వచ్చిపడ్డవాళ్లు. పడుచు పిల్లలు ఆటో కొనుక్కున్నారు, గజ్వేల్ దుకాణాల్లో కుదిరారు, హైదరాబాద్ పోయారు. ముసలివాళ్లు ఎటు పోతారు? మేకలు కట్టేసే జాగా లేదు, ఏరుకోవడానికి పత్తి చేను లేదు, చింతచెట్టు కింద గద్దె లేదు. తిన్నగా గీసిన వీధులు, ఒకే తీరు ఇళ్లు. చూపు ఆనని మనిషికి తన ఇల్లు ఏదో గుర్తుపట్టడమే కష్టం.

చనిపోయినవాళ్ల సంగతి ఇంకోటి. మన వాడల్లో ఎక్కువమంది పూడ్చిపెడతారు. మొగుడి బొంద పక్కన తనకు జాగా ఉందనుకుని బతికిన ఆడమనిషికి, ఇప్పుడు ఆ బొంద మీద యాభై టీఎంసీల నీళ్లున్నాయి. దళితులకు శ్మశానానికి జాగా దొరకడమే ప్రతి ఊళ్లో ఒక పోరాటం. ఆ పోరాటం చేసి సంపాదించుకున్న గుంటెడు నేల కూడా పోయింది. నష్టపరిహారం పట్టికల్లో చెట్టుకు ధర ఉంది, బావికి ధర ఉంది.

ఈ ప్రాజెక్టులో భూమి తీసుకున్న తీరు ముసలివాళ్ల మనసు మీద ఎలా పడిందో చూడాలంటే రెండు విషయాలు గుర్తుచేసుకోవాలి. 2015 జూలైలో వచ్చిన జీవో 123 కింద భూమి ఉన్నవాళ్ల దగ్గర కొనడమే తప్ప, ఆ భూమి మీద బతికే కూలీల ఊసు లేదు. కోర్టుకు పోయింది వ్యవసాయ కూలీలే. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కూలీలకూ పునరావాసం ఇస్తామని ప్రభుత్వం ఆ తర్వాతే వేరే జీవోలు తెచ్చింది. రెండోది, 2013 భూసేకరణ చట్టం 'కుటుంబం' అన్న మాటకు ఇచ్చిన అర్థం. భార్య లేదా భర్త ఉన్నా లేకున్నా, పిల్లలు ఉన్నా లేకున్నా, వయోజనులైన ప్రతి మనిషినీ వేరే కుటుంబంగా చూడాలని ఆ చట్టం చెప్పింది. వితంతువులను, ఒంటరి స్త్రీలను కూడా వేరే కుటుంబాలుగానే లెక్కించాలంది. అంటే ఒంటరి ముసలవ్వ కూడా చట్టం కంటికి ఒక కుటుంబమే. కాగితం మీద.

వేములఘాట్ వందల రోజులు రిలే నిరాహార దీక్షలు చేసిన ఊరు. 2021 జూన్‌లో ఆ ఊళ్లోనే భార్య చనిపోయి ఒంటరిగా ఉన్న ఒక వృద్ధ రైతు తన ప్రాణం తీసుకున్నాడు. ఒంటరివాడివి కాబట్టి ఇల్లు రాదన్నారన్న బాధతోనే అని ఊరివాళ్లు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఎవరు ఏమన్నారన్నది తేల్చడం మా పని కాదు. మేం చెప్పేది ఒక్కటే. దాన్ని 'ముసలితనంలో కుంగుబాటు' అని రాసుకుంటే ఆ మరణంలో ఉన్న ఇల్లు, ఊరు, చట్టం అన్నీ చెరిగిపోతాయి. భూమి ఉన్న రైతుకే ఆ గతి పడితే, లావుణి పట్టా తప్ప ఏమీ లేని వాడవాళ్ల మాట చెప్పాలా?

పట్టణంలో పరిస్థితి వేరే రకం. స్వచ్ఛత అవార్డులు తెచ్చుకున్న పట్టణం సిద్దిపేట. ఆ అవార్డు వెనక తెల్లారకముందే చీపురు పట్టిన చేతులు ఎవరివో అందరికీ తెలుసు. ఔట్‌సోర్సింగ్‌లో వయసైపోగానే పని నుంచి తీసేస్తారు. పీఎఫ్ కట్టినవాళ్లకైనా వచ్చే కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయల దగ్గరే ఆగి ఉంది. నర్సాపూర్ దగ్గర కట్టిన డబుల్ బెడ్‌రూం కాలనీలో ఇల్లు దొరకడం నిజంగా గొప్ప మార్పు, కిరాయి బాధ తప్పింది. కానీ పై అంతస్తు వచ్చిన ముసలివాళ్లు మెట్లు దిగలేక రోజుల తరబడి పైనే ఉండిపోతారు. పాత బస్తీలో గడప బయట కూర్చుంటే పది మంది పలకరించేవాళ్లు. పట్టణాల్లో 6 శాతమే అన్న సర్వే లెక్క కిందికి దిగలేని ఈ మనిషిని ఎంతవరకు చూసిందో మాకు అనుమానమే.

ఇంకొందరిని కొడుకులు హైదరాబాద్ తీసుకుపోతారు. నెలకొకరి వంతు. ఒకే గదిలో కొడుకు, కోడలు, పిల్లలు, మూలన ముసలవ్వ. వాళ్లు చూడక కాదు, చూడటానికి చోటు లేక. ముఖ్యమంత్రి చెప్పిన చట్టం ఊహించుకున్న కొడుకు వేరు. ఆ కొడుక్కి స్థోమత ఉంది, మనసు లేదు. మన కొడుకులకు చాలామందికి మనసుంది, స్థోమత లేదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఇదే ఊహతో పుట్టింది. ఆర్డీవో దగ్గరికి పోయి పిల్లల మీద కేసు వేయొచ్చు, నెలకు పది వేల దాకా ఇప్పించొచ్చు, రాసిచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. రాసివ్వడానికి ఆస్తి ఉన్నవాళ్ల చట్టం అది. అదే చట్టంలో 19వ సెక్షన్ ఉంది, దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున 150 మందికి సరిపడే ఆశ్రమం గురించి. పిల్లల మీద 'కట్టాలి' అన్న చట్టం, ప్రభుత్వం దగ్గరికి వచ్చేసరికి 'ఏర్పాటు చేయవచ్చు' అంది. ఆ ఒక్క క్రియాపదంలో మొత్తం విధానం ఉంది.

పింఛన్ దగ్గరికి వద్దాం. ఆసరా 2014 నవంబరులో వెయ్యి రూపాయలతో మొదలైంది, 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో నాలుగు వేలు చేస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది. ప్రభుత్వం మారి, బడ్జెట్లు దాటాక కూడా అవ్వ చేతిలో పడేది 2,016 రూపాయలే. ఈ ఆరేళ్లలో కందిపప్పు ధర ఎంతైందో అవ్వను అడిగితే చెప్తుంది. వృద్ధాప్య పింఛన్ ఇంటికి ఒక్కరికే అన్న నిబంధన ఉంది. ముసలి ఆలుమగలిద్దరూ ఎనభై దాటినా ఒకరిదే చెల్లుతుంది. రెండో మనిషి బతికి ఉన్నన్నాళ్లూ మొదటి మనిషి దయ మీద ఉండాలి. ఇది మనసు మీద పడే దెబ్బ కాదా? కేంద్రం తన వాటా కింద 60 దాటితే 200, 80 దాటితే 500 ఇస్తుంది. సిగ్గుపడాల్సిన మొత్తమే, కానీ ఎనభై దాటిన మనిషి అవసరం వేరన్న సంగతినైనా ఒప్పుకుంది. రాష్ట్రం అదీ ఒప్పుకోలేదు, అరవై ఐదుకూ ఎనభై ఐదుకూ ఒకటే 2,016. ఇక జీవితమంతా కొడవలి పట్టి అరిగిపోయిన వేళ్లు మిషన్ మీద పడకపోతే, పంచాయతీ కార్యదర్శి వచ్చి వేలు పెట్టేదాకా ఆగాల్సి వచ్చేది. తన వేలు తనది కాదని మిషన్ చెప్తే ఎనభై ఏళ్ల మనిషికి ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

వైద్యం పేరుకు ఉంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నాటిది, జిల్లా కార్యక్రమం 1996 నాటిది. సిద్దిపేటకు 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యాన్ని హక్కు అంది. 2022 అక్టోబరు 10 నుంచి టెలిమానస్ 14416 నంబరు ఉంది, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరును ఇంట్లో గోడ మీద రాసి పెట్టమని మేం అందరికీ చెప్తాం. కానీ చెవులు వినబడని, ఫోన్ ఒత్తడం రాని మనిషికి ఆ నంబరు మనవడి దయ. మహిళలకు ఉచిత బస్సు వచ్చాక డెబ్బై ఏళ్ల అవ్వలు తిరుగుతున్నారు, మంచిదే. ఎనభై దాటినామె బస్టాండు దాకా నడవాలి కదా.

ఇంటికి వచ్చే మనిషి ఒక్క ఆశా కార్యకర్త. ఆమె దగ్గర ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నింపాల్సిన ఫారం ఉంది. బీపీ, షుగర్ ప్రశ్నల తర్వాత చివరి పేజీలో రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా ఉందా, మనసు దిగులుగా ఉందా అని. అరవై దాటినవాళ్లకు అదనంగా నడవగలరా, ఇంకొకరి సాయం కావాలా, అయినవాళ్ల పేర్లు మరిచిపోతున్నారా అని ఉంటుంది. అంటే కొత్త పథకం అక్కర్లేదు, ఫారం ఉంది. ఆ రెండు ప్రశ్నలను గడప బయట నిలబడి, కోడలు ముందు, పని తొందరలో అడిగితే ఏ అవ్వ అయినా 'ఏం లేదు బిడ్డా' అంటుంది. అడిగిన ఆశాకు ఇచ్చేది సరైన జీతం కాదు, పారితోషికం. 'ఉంది' అని రాస్తే తర్వాత ఎక్కడికి పంపాలో, మాత్రలు పల్లె దవాఖానలో ఎప్పుడు దొరుకుతాయో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. బీపీ గోలీ ఇంటికి వచ్చినట్టు ఈ గోలీ ఎందుకు రాకూడదు? ఇదే రాష్ట్రం 2018లో కంటి వెలుగు పెట్టి కోటిన్నర మంది కళ్లు చూసింది, ఊరూరా టెంట్లు వేసింది, అద్దాలు ఇంటికి పంపింది. చేయాలనుకుంటే చేయగలదనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి.

ఒక మాట మన ఉద్యమాలకు కూడా. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం తర్వాత కులం మనసును ఎలా చంపుతుందో దేశం మాట్లాడటం మొదలుపెట్టింది. అది అవసరమైన మాట. కానీ ఆ చర్చ యూనివర్సిటీ గేటు దాటి వాడకు రాలేదు. వాడలోని ముసలివాళ్ల దగ్గరికి మన సంఘాలు పోయేది పాటలు, వెట్టి నాటి కథలు రికార్డు చేసుకోవడానికి. వాళ్లు చరిత్రకు ఆధారాలు, జయంతి సభలో శాలువా కప్పడానికి పెద్దలు. వర్గీకరణ, రిజర్వేషన్, భూమి మీద మనం రాసే వినతిపత్రాల్లో ఎనభై దాటిన మనిషి కోసం ఒక్క పేరా వెతికినా కనపడదు. దళితబంధు 2021లో వచ్చినప్పుడు యూనిట్ ఎవరి పేరు మీద అన్న గొడవ ప్రతి ఇంట్లో జరిగింది, ఆ గొడవలో అవ్వను అడిగినవాళ్లు ఎంతమంది?

2027 జనగణన రాబోతోంది. వయసువారీగా ఎస్సీల లెక్క ప్రతి జనగణనలోనూ వేరుగా వస్తుంది, కాకపోతే మన చేతిలో ఉన్నది 2011 నాటిది. అప్పుడు ఎనభై ఉన్నవాళ్లలో ఇప్పుడు ఎవరు మిగిలారు? కొత్త లెక్క వచ్చేదాకా ఆగనవసరం లేదు. సిద్దిపేట జిల్లాలో ప్రతి వాడలో, ప్రతి పునరావాస కాలనీలో ఎనభై దాటినవాళ్ల జాబితా గ్రామ సంఘాలు వారంలో రాయగలవు. జీతం కోత చట్టంతో పాటు అడగాల్సినవి ఆ జాబితాతోనే అడగొచ్చు. జీతం వచ్చే పిల్లలు లేని ఎనభై దాటిన వాళ్లను ప్రభుత్వం తన ఖాతాలో రాసుకోవాలి. ఇంటికి ఒక్క పింఛన్ అన్న నిబంధన ఆ వయసుకు ఎత్తేయాలి. 19వ సెక్షన్‌లోని 'చేయవచ్చు'ను 'చేయాలి' అని మార్చమని కేంద్రానికి తీర్మానం పంపాలి. ఆశా చేతిలోని ఆ రెండు ప్రశ్నలను అవ్వ పక్కన కూర్చుని అడిగేంత సమయం, ఆ సమయానికి జీతం, 'ఉంది' అన్న జవాబు వచ్చిన ఇంటికి నెలకోసారి డాక్టర్. మల్లన్నసాగర్ కాలనీకైతే ఇంకోటి కూడా అడగాలి, శ్మశానానికి జాగా, వాడ పేరు మీద.